అందరికీ పంపాను, చదివింది ఆడపడుచు ఒక్కతే

ప్రశ్న: మేడమ్, నాకు 41 ఏళ్ళు. చీరాల దగ్గర ఒక ఊళ్ళో టీచర్‌గా పనిచేస్తున్నాను. మా అత్తవారిది చేనేత కుటుంబం. నాలుగేళ్ళుగా రాత్రిళ్ళు కూర్చుని ఒక నవల రాస్తున్నాను. మగ్గం మీద బతికిన ఇంటి కథ. 210 పేజీలు వచ్చింది, చివరి భాగం ఇంకా కుదరడం లేదు. ఎవరైనా చదివి చెబితే బాగుంటుందని సంక్రాంతికి మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ పెట్టాను. గ్రూపులో పద్నాలుగు మంది ఉన్నారు. దండాలు, పూలు, "సూపర్" అని వచ్చాయి. ఒక్కరూ తెరిచి చూడలేదని వారం తిరిగేసరికి అర్థమైంది. మా ఊళ్ళో రిటైరైన తెలుగు మాస్టారికి ప్రింటౌట్ ఇస్తే ఒత్తులు, దీర్ఘాలు దిద్ది, "మజూరీ" అని ఉన్న చోటల్లా "వేతనం" అని రాసి ఇచ్చారు. తర్వాత మా ఆడపడుచు ఫోన్ చేసి ఏడ్చింది. "వదినా, మా అమ్మని బజార్లో పెట్టావు. పెళ్ళయిన ఏడాదికే పుట్టింటికి తిరిగొచ్చిన పిల్ల ఎవరో ఎవరికి తెలియదు? పైగా అమ్మ పోయాక పదకొండు రోజులు మగ్గం ఆగిందని రాశావు. నీకేం తెలుసు? ఐదో రోజే నాన్న తలుపేసుకుని మగ్గం గుంటలో దిగాడు" అంది. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. మా ఆయన ఒక్క పేజీ చదవకుండానే "ఇంత గొడవెందుకు, ఆపెయ్" అంటున్నారు. బయటివాళ్ళకిద్దామంటే కథ కొట్టేస్తారేమోనని టెన్షన్. ఎవరికి చూపించాలి? అసలు పూర్తి చెయ్యమంటారా? మొదటి పది పేజీలు జత చేస్తున్నాను.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి మీ ఆడపడుచు ఫోన్ దగ్గర ఆగిపోయాను. ఆమె మాటల్ని మీరు నిందగా రాశారు. నింద ఉంది, కాదనను. కానీ ఇంటిల్లిపాదిలో 210 పేజీలూ చదివింది ఆమె ఒక్కతే కదమ్మా. పద్నాలుగు మందిలో ఒకే ఒక్క పాఠకురాలు మీకు దొరికింది, ఆమెతోనే మీకు మాటల్లేవు.

ఆమె చెప్పిన ఆ ఐదో రోజు సంగతి చూడండి. మైల పద్ధతి ప్రకారం మగ్గం ఎన్నాళ్ళు ఆగాలో మీరు రాశారు. ఆ ఇంట్లో ఏం జరిగిందో ఆమె చెప్పింది. మీ మామగారు ఎందుకు దిగి ఉంటారో నేను ఊహించగలను. ఒప్పుకున్న చీర మగ్గం మీద సగంలో ఉండి ఉంటుంది, నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ దగ్గర తెచ్చిన అడ్వాన్సు ఉండి ఉంటుంది, దినాలకు డబ్బు కావాలి. తలుపేసినంత మాత్రాన మగ్గం చప్పుడు దాగుతుందా? వీధి మొత్తం విని ఉంటుంది, విననట్టు ఊరుకుని ఉంటుంది. మీ నవల చివరి భాగం ఎందుకు కుదరడం లేదో నాకు తెలియదు కానీ, ఇలాంటి రోజు ఒకటి అందులో లేకపోవడమూ ఒక కారణం కావచ్చు.

ముందు ఇంటి సంగతి మాట్లాడతాను, నవల సంగతి తర్వాత.

మీ ఆడపడుచుకి నొప్పి కలిగింది మీరు రాసినందుకే అని మీరు అనుకుంటున్నారు. నాకు అలా అనిపించలేదు. తన బతుకులోని అతి కష్టమైన ఏడాదిని ఆమె చదివింది ఫోన్‌లో, మిగతా పదమూడు మంది దగ్గరా అదే ఫైలు ఉందని తెలిసి మరీ. ముందుగా ఒక్క మాట ఆమె చెవిన వెయ్యలేదు. తప్పు అక్కడ జరిగింది, అది మీదే. దాన్ని ఒప్పుకోవడానికి నవల ఆపేయక్కర్లేదు. "నీకు చెప్పకుండా అందరికీ పంపాను, అది నా పొరపాటు" అని ఎదురుగా కూర్చుని చెప్పండి. ఫోన్లో వద్దు, మెసేజ్ అసలే వద్దు. "అది నువ్వు కాదు, కల్పితం" అని మాత్రం అనకండి. ఆమె తనను తాను గుర్తుపట్టింది. కాదని వాదిస్తే రెండోసారి అవమానించినట్టే.

ఆ పాత్రలో ఏది మార్చవచ్చో మీరు ఆలోచించాలి. ఊరు, పిల్లల సంఖ్య, తిరిగొచ్చిన కారణం మార్చినా ఆ పాత్ర బాధ మారదు. ఆమె "ఇది మాత్రం వద్దు" అని ఏదైనా ఒక్క సంగతి చూపిస్తే తీసేయండి. నవలలో ఆ ఒక్కటీ లేకపోతే కూలిపోయేదేమీ ఉండదు. అయితే నవల మొత్తం మీద తీర్పు చెప్పే బాధ్యత ఆమె మీద పెట్టకండి. ఆ ఇంటికి ఆమె సాక్షి. సాక్షి చెప్పేది శ్రద్ధగా వినాలి, కానీ కథ ఎలా ఉండాలన్నది మీరే తేల్చుకోవాలి.

మీ ఆయన సంగతి. "ఆపెయ్" అన్న మనిషి చదవలేదంటే ఇష్టం లేక అని మీరు బాధపడుతున్నారు. ఆ పేజీల్లో ఉన్నది ఆయన తల్లి చావు. తల్లిని భార్య అక్షరాల్లో చూడటానికి కొందరు మగవాళ్ళకు చాలా ఏళ్ళు పడుతుంది. చదవమని అడగడం మానేయండి. బదులుగా రెండు అడగండి: ఆదివారం సాయంత్రం రెండు గంటలు మిమ్మల్ని ఎవరూ పిలవకుండా చూడటం, చెల్లెలి ఇంటికి మీతో కలిసి రావడం. ఈ రెండూ ఆయన చెయ్యగలిగిన పనులే.

ఇక ఎవరికి చూపించాలన్నది.

నాకొక పాత బాధ ఉంది, అది చెబితే నేను ఎందుకింత గట్టిగా మాట్లాడుతున్నానో మీకు తెలుస్తుంది. చాలా ఏళ్ళ కింద ఒక స్నేహితురాలు తన నవల రాతప్రతి నాకిచ్చింది. బీరువాలో మూడు నెలలు ఉంచుకున్నాను. సగం చదివి "చాలా బాగుంది" అని తిరిగిచ్చాను. ఆమె ముఖం ఇప్పటికీ గుర్తుంది. సంతోషం కాదది, తలుపు మూసుకున్న ముఖం. నా అబద్ధం ఆమెకు తెలిసిపోయింది. మళ్ళీ నాకేదీ ఇవ్వలేదు, ఆ నవలా పూర్తి చెయ్యలేదు. చుట్టాలూ స్నేహితులూ "బాగుంది" అనేది మనల్ని నొప్పించకూడదని. వాళ్ళ దగ్గర దొరికేది ప్రేమ, అది తీసుకోండి. చదివి పెట్టే పని ఇంకొకరికి అప్పగించండి.

మీ మాస్టారిని కూడా తప్పు పట్టకండి. ఆయన చేతికి ఎర్ర పెన్ను అలవాటు, ఆ పనే చేశారు. చివర్లో అచ్చుకు ముందు ప్రూఫులు దిద్దడానికి ఆయన్ని మించినవారు మీకు దొరకరు. కానీ "మజూరీ"ని తిరిగి పెట్టేయండి. నేతగాడు నేసినదానికి మజూరీ తీసుకుంటాడు, నెలనెలా వేతనం మీరూ నేనూ తీసుకుంటాం.

మొదటి విడతకు ముగ్గురు చాలు, నలుగురు మించొద్దు. ఒకరు మగ్గం పని తెలిసి, మీ చుట్టాలు కానివారు. ఒకరు మగ్గం మొహం చూడని ఇరవై ఏళ్ళ పిల్లో పిల్లాడో, నవలలు చదివే అలవాటున్నవారు. మూడో మనిషి మీలాగే రాస్తున్నవారు. వాళ్ళది మీరు చదివితే మీది వాళ్ళు చదువుతారు, బాకీ తీరిపోతుంది. ఇంకో ఇద్దరిని కదపకుండా అట్టే పెట్టుకోండి. ఒకసారి చదివిన మనిషికి తర్వాత ఏం జరుగుతుందో తెలిసిపోతుంది, మళ్ళీ కొత్తగా చదవలేరు. తిరగరాశాక ఆ ఇద్దరూ పనికొస్తారు.

ఎక్కడ దొరుకుతారంటే, మీ పక్కనే వేటపాలెం ఉంది. అక్కడి సారస్వత నికేతనం 1918 నుంచి నడుస్తున్న గ్రంథాలయం. ఒక రెండు మూడు శనివారాలు వెళ్ళి కూర్చోండి. ఎవరు రోజూ వస్తారో, ఎవరు నవలల బీరువా దగ్గర ఆగుతారో అక్కడ పనిచేసేవారికి తెలిసే ఉంటుంది. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్ళండి. స్టాళ్ళ ముందు పుస్తకం తెరిచి నిలబడే చదివేస్తున్నవాళ్ళు కనిపిస్తారు, పలకరించండి. చీరాల, ఒంగోలు, గుంటూరుల్లో సాహిత్య సభలు జరిగితే వేదిక మీద ఉన్నవారి కంటే వెనక వరుసలో ప్రశ్న అడిగినవారిని వెతుక్కోండి. పేరున్న రచయితకు పంపాలని మీకు అనిపించవచ్చు. ఇప్పుడే వద్దు. వాళ్ళకు తీరిక ఉండదు, వాళ్ళ మౌనాన్ని మీరు తీర్పు అనుకుంటారు.

పీడీఎఫ్ పంపకండి. ఫోన్‌లో నవల చదువుతూ ఉంటే మధ్యలో నాలుగు మెసేజ్‌లు వస్తాయి. ప్రింటౌట్ తీయించి, కాగితానికి ఒకవైపే అచ్చు వేయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, ఒక పెన్సిల్ జతచేసి ఇవ్వండి. ముందు మూడు అధ్యాయాలే ఇవ్వండి. మిగతాది వాళ్ళంతట వాళ్ళు అడిగితే, అదే మీకు అందిన మొదటి అభిప్రాయం. అడగకపోతే నొచ్చుకోకుండా ఇంకొకరిని చూసుకోండి. నెల గడువు పెట్టండి. గడువు లేకపోతే నా బీరువాలో జరిగిందే జరుగుతుంది.

"ఎలా ఉంది?" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకు "బాగుంది" తప్ప జవాబు లేదు. ఎక్కడ పుస్తకం పక్కన పెట్టి లేచారు? ఎక్కడ పేజీలు తిప్పేశారు? ఎవరి పేరు మర్చిపోయి వెనక్కి వెళ్ళి వెతుక్కున్నారు? చదవడం అయిపోయిన రెండు రోజులకు ఏ సన్నివేశం గుర్తుంది? ఇవి అడగండి.

మీరు పంపిన పది పేజీలకు నేనే జవాబు చెబుతాను. ఆరో పేజీలో మగ్గం మీద అచ్చు అతికే పని ఉంది, అంటే అయిపోయిన పడుగు (నిలువు పోగులు) కొసలకు కొత్తది కలపడం. ముసలామె వేళ్ళకు బూడిద అద్దుకుని, పాత పడుగు కొసకు కొత్త పోగు మెలిపెడుతూ, కొత్త కోడల్ని పుట్టింటి సంగతులు అడుగుతుంది. కోడలు అబద్ధం చెప్పిన చోట ఆమె చెయ్యి ఒక్క పోగు దగ్గర ఆగుతుంది, మళ్ళీ సాగుతుంది. అక్కడ నేను ఊపిరి బిగబట్టి చదివాను. ఎనిమిదో పేజీ నుంచి సహకార సంఘం ఎలా పుట్టిందో రెండు పేజీలు చెప్పారు. అక్కడ నా కళ్ళు జారిపోయాయి, ఒక పేజీ తిప్పేశాను. ఏడో పేజీలో సుబ్బులు, సుబ్బమ్మ ఒకరో ఇద్దరో తెలియక వెనక్కి వెళ్ళాను. ఇంతే నేను చెప్పగలిగింది. సహకార సంఘం తీసెయ్యమని చెప్పను, అది మీ పని. చదివేవారు నొప్పి ఎక్కడో చెబుతారు. మందు వాళ్ళు చెబితే మాత్రం వెంటనే వేసుకోకండి.

వాళ్ళు మాట్లాడుతుంటే మీరు సర్దిచెప్పకండి. "అది తర్వాత అధ్యాయంలో వస్తుందండీ" అని నోటిదాకా వస్తుంది, ఆపుకోండి. నోట్‌బుక్‌లో రాసుకుని, కృతజ్ఞత చెప్పి వచ్చేయండి. పది రోజులు దాన్ని తెరవొద్దు. ఒక్కరే అన్నదాన్ని మీ మనసు ఒప్పుకుంటే మార్చండి. ఇద్దరు వేర్వేరుగా ఒకే పేజీ దగ్గర ఆగిపోయారంటే, ఆ పేజీని మళ్ళీ రాయాలి.

తిరగరాయడం అంటే ఓడిపోవడం అనుకుంటున్నారేమో, మీ ఉత్తరంలో ఆ అలసట కనిపించింది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది. ఈరోజు మనం చదువుకునేది 1909లో ఆయన దాదాపు కొత్తగా తిరగరాసిన నాటకం. జనం చూసిన తర్వాత, అచ్చులో వచ్చిన తర్వాత కూడా ఆయనకు పని మిగిలే ఉంది. మీకు నాలుగేళ్ళే కదా అయింది.

కథ కొట్టేస్తారన్న భయం గురించి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు అది మీదీ మీ వారసులదీ. ప్రతి డ్రాఫ్టునూ తేదీతో మీ ఈమెయిల్‌కు మీరే పంపుకుని ఉంచండి, ఎవరికి ఏ రోజు ఇచ్చారో ఒక చోట రాసుకోండి. రాతప్రతి అడిగి తీసుకుని, చదవకుండానే "అద్భుతం, ఇంత కట్టండి, అచ్చువేస్తాం" అనేవారు తగిలితే కాగితాలు వెనక్కి తెచ్చేసుకోండి. నిజంగా చదివిన మనిషి మొదట పాత్రల గురించి మాట్లాడతాడు, డబ్బు గురించి కాదు.

పూర్తి చెయ్యాలా అని అడిగారు. చెయ్యండి. ఆ అచ్చు అతికే సీను రాసిన చేతిని ఆపమని నేను చెప్పలేను.

కానీ ముందు ఆడపడుచు ఇంటికి. వెళ్ళేటప్పుడు రాతప్రతి తీసుకెళ్ళకండి, నోట్‌బుక్ కూడా వద్దు. ఆమెకు ఇష్టమైనదేదో చేసి పట్టుకెళ్ళండి. క్షమాపణ చెప్పాక ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి, తిడితే తిట్టించుకోండి. నవల ఊసు మీరు ఎత్తొద్దు. ఆమే ఎత్తితే, ఆ ఐదో రోజు తలుపు ఎవరు వేశారో, లోపల గడియ పెట్టారా, చప్పుడు మొదలైనప్పుడు తను ఇంట్లో ఎక్కడుందో అడగండి. తర్వాత ఆమె ఎంతసేపు మాట్లాడితే అంతసేపు కూర్చోండి, చివరి బస్సు తప్పినా సరే.