బస్సు మాట్లాడేశాక డబ్బు మాటెత్తితే ఎలా?

ప్రశ్న: మా పాపతో కలిపి స్నేహితులు పది మంది. సెలవుల్లో అందరినీ సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్దామని ఒకమ్మాయి వాళ్లమ్మ మమ్మల్ని అడక్కుండానే బస్సు మాట్లాడేసి, ఆ తర్వాత తలా ఇంత పంపమని గ్రూపులో మెసేజ్ పెట్టారు. పిల్లలకి అప్పటికే తెలిసిపోయింది. ఇప్పుడు ఇద్దరు రామంటున్నారు. ఇద్దరు పిల్లలున్న ఇంకో ఇంటివాళ్లేమో ఒక్క వాటానే ఇస్తారట. నోరెత్తితే పిసినారి అంటారని టెన్షన్. అసలు ఎవరివ్వాలి?

జవాబు: ఆవిడ మీ పాపని పిలిచారా, లేక కలిసి వెళ్దామన్నారా? ‘మీ పాపని పంపండి, నేను తీసుకెళ్తా’ అంటే ఖర్చు పిలిచినవాళ్లదే, తర్వాత లెక్క పంపడం బాగోదు. ‘వెళ్దాం’ అంటే మాత్రం అందరిదీ, కాకపోతే ఎంతవుతుందో ముందే చెప్పాలి. ఇక్కడ చిక్కంతా ఆ చెప్పకపోవడంతోనే వచ్చింది.

బస్సు కిరాయి, టికెట్లు ఒకే లెక్క కాదు. టికెట్ వెళ్లినవాళ్లకే, రాకపోతే ఆ ఖర్చే ఉండదు. కిరాయి అలా కాదు, ఎంతమంది ఎక్కినా అంతే, కాబట్టి పదిమందిలో ఇద్దరు తగ్గితే మిగిలినవాళ్ల బస్సు వాటా 25 శాతం పెరుగుతుంది. ఖర్చు తెలిసి సరేనన్నవాళ్లు తర్వాత మానుకున్నా బస్సు వాటా ఇవ్వాల్సిందే. మీ విషయంలో ఆ ఇద్దరినీ ముందు ఎవరూ అడగలేదు కదా, వాళ్లనెలా నిలదీస్తాం? ఆ లోటు న్యాయంగా అయితే బస్సు మాట్లాడినావిడదే, కానీ పాపం పిల్లల కోసమే తిరిగారు కాబట్టి మిగతావాళ్లు సర్దుకుంటే మర్యాదగా ఉంటుంది. తోడు వెళ్లే పెద్దవాళ్ల టికెట్ కూడా అందరి మీదా వేయండి, పిల్లల్ని కాసేవాళ్లు సొంత డబ్బు పెట్టుకోవడమేంటి?

ఇద్దరు పిల్లలంటే రెండు సీట్లు, రెండు వాటాలు. నిజంగా ఇబ్బందిలో ఉంటే వేరే సంగతి, ఒకరిద్దరు పెద్దవాళ్లు మాట్లాడుకుని ఆ వాటా పంచేసుకోండి, ఎవరికి తగ్గించారో గ్రూపులో కానీ పిల్లల ముందు కానీ ఎత్తొద్దు. బస్సులో ‘మీ అమ్మ డబ్బులివ్వలేదంట’ అని ఇంకో పిల్ల అనేసిందంటే ఆ పసిదానికి మ్యూజియంలో ఏం చూడాలనిపిస్తుంది?

ఆవిడకి గ్రూపులో కాకుండా విడిగా రాయండి: ‘మా వాటా పంపుతున్నానండీ. ఈసారి బస్సు మాట్లాడే ముందు ఖర్చెంతో చెప్తే, వచ్చేదీ రానిదీ అందరం అప్పుడే చెప్పేస్తాం.’