మెట్రో వస్తే నగరం ఎటు పెరుగుతుందో అంచనా వేసే పని: ఏం చదవాలి?

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాను. మెట్రో లైన్ పడితే చుట్టుపక్కల భూమి వాడకం ఎలా మారుతుందో ముందే అంచనా వేసే పని చేయాలని ఉంది. మెషిన్ లెర్నింగ్ నేర్చుకుంటే సరిపోతుందా, ప్లానింగ్‌లో పీజీ చేయాలా? అసలు ఇలాంటి ఉద్యోగాలు ఉంటాయా అని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

జవాబు: ఉద్యోగాలు ఉన్నాయి. ఆ మాట ముందు ఇంట్లో చెప్పండి. నగరాల ప్లానింగ్ శాఖలకు, రవాణా కన్సల్టెన్సీలకు, రైలు ప్రాజెక్టులకు అప్పులిచ్చే అభివృద్ధి బ్యాంకులకు, మెట్రో సంస్థల్లో భూముల వ్యవహారం చూసే విభాగాలకు ఈ లెక్కలు కావాలి. హాంకాంగ్ మెట్రో సంస్థ స్టేషన్ల మీదా పక్కనా ఇళ్లు, దుకాణాలు కట్టించి, ఆ రాబడిని రైలు మార్గాల ఖర్చుకు వాడుతుంది. ఎక్కడ ఎంత గిరాకీ ఉంటుందో తెలియకుండా ఆ పద్ధతిని నడపలేరు.

ఇక మెషిన్ లెర్నింగ్. అది పనికొస్తుంది కానీ దానితో మొదలుపెట్టకండి. భూమి ఎందుకు మారుతుందో ముందు అర్థం చేసుకోవాలి. ఒక చోటి నుంచి ఉద్యోగాలు, ఇతర అవకాశాలు ఎంత సులువుగా అందుతాయో లెక్కగట్టి, ఆ అందుబాటు పెరిగి ఖాళీ స్థలం కూడా ఉన్న చోట ఇళ్లు ఎక్కువగా వస్తాయని 1959లో వాల్టర్ హాన్సెన్ అనే పరిశోధకుడు చూపించారు. ఒక స్థలానికి ఎవరు ఎక్కువ అద్దె పెట్టగలిగితే అది వాళ్ల చేతికి వెళ్తుందని 1964లో విలియం అలోన్సో అనే మరో పరిశోధకుడు వివరించారు. ఈ రెండూ బుర్రకెక్కితే సగం దారి దొరికినట్టే.

లండన్‌నే తీసుకోండి. ప్రపంచంలో మొదటి భూగర్భ రైలు 1863లో అక్కడే మొదలైంది. రైలు వెళ్లిన శివార్లలో ఇళ్లు పెరిగాయి. నడిబొడ్డున ఉన్న సిటీ ఆఫ్ లండన్‌లో మాత్రం 1851లో దాదాపు 1,28,000 మంది నివాసం ఉంటే, 1901 నాటికి ఆ సంఖ్య సుమారు 27,000కి పడిపోయింది. రైలు ఒక్కటే కారణం కాదు. కానీ దూరంలో ఉండి రోజూ పనికి వచ్చిపోయే వీలు కలిగాక, ఎక్కువ అద్దె ఇవ్వగల బ్యాంకులు, ఆఫీసులు నిలబడ్డాయి, కుటుంబాలు బయటికి జరిగాయి. అంటే ఒకే రైలు ఒక చోట జనాన్ని పెంచుతుంది, మరో చోట తగ్గిస్తుంది. స్టేషన్ దగ్గర జనసాంద్రత పెరుగుతుందని మాత్రమే నేర్చుకున్న కంప్యూటర్ మోడల్ ఇక్కడ తప్పుతుంది.

రెండో విషయం అనుమతులు. చాలామంది విద్యార్థులు దీన్ని వదిలేస్తారు, నాకు అదే బాధ. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1972లో బార్ట్ అనే మెట్రో తరహా రైలు మొదలైంది. నగర కేంద్రంలో ఆఫీసులు బాగా పెరిగాయి, కానీ ఎన్నో శివారు స్టేషన్ల చుట్టూ దశాబ్దాల తర్వాత కూడా పార్కింగ్ స్థలాలే మిగిలాయి. అదే అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఉన్న ఆర్లింగ్టన్ కౌంటీ, మెట్రోను హైవే మధ్య నుంచి కాకుండా పాత వ్యాపార వీధి కింద నుంచి వేయించుకుంది. స్టేషన్ల దగ్గర ఎత్తైన భవనాలకు అనుమతిచ్చి, దూరం వెళ్లేకొద్దీ ఎత్తు తగ్గేలా నిబంధనలు పెట్టింది. అక్కడ స్టేషన్ల చుట్టూ దట్టంగా కట్టడాలు వచ్చాయి. కాబట్టి మీ డేటాలో రైలు వేగం, దూరం ఉంటే చాలదు. ఆ స్థలంలో ఎన్ని అంతస్తులు కట్టనిస్తారు, భూమి ఎవరిది, చిన్న ముక్కలుగా ఉందా అన్నదీ ఉండాలి.

ఇంకో చిక్కుంది. ఎక్కడ పెరుగుదల వస్తుందనుకుంటారో అక్కడికే లైన్ వేస్తారు. లైన్ ప్రకటించగానే, రైలు తిరగకముందే, భూమి ధరలు కదలడం మొదలవుతుంది. అందుకని ప్రారంభోత్సవానికి ముందూ తర్వాతా పోల్చి, తేడా మొత్తం రైలు పుణ్యమే అనడం తప్పు. లైన్ రాని, కానీ మిగతా అన్నిట్లో దగ్గరగా ఉన్న ప్రాంతాలతో పోల్చడం నేర్చుకోండి. దానికి గణాంకశాస్త్రం, పట్టణ ఆర్థికశాస్త్రం కావాలి.

ప్లానింగ్‌లో గానీ రవాణా ఇంజినీరింగ్‌లో గానీ పీజీ చేయమనే నా సలహా. సివిల్ చదివారు కాబట్టి నేనైతే ప్లానింగ్ వైపే మొగ్గుతాను, నిబంధనలూ భూమి వ్యవహారాలూ అక్కడే వంటబడతాయి. మ్యాప్‌ల మీద డేటాను విశ్లేషించే జీఐఎస్, ప్రోగ్రాములు రాసే పైథాన్ భాష మీ అంతట మీరు నేర్చుకోవచ్చు, క్యూజీఐఎస్ అనే జీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితమే.

దరఖాస్తుకు ముందు ఒక చిన్న ప్రాజెక్టు చేసి చూడండి. లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. కనీసం ఇరవై ఏళ్ల కిందట రైలు వచ్చిన ఒక నగరాన్ని ఎంచుకుని, మొదటి పదేళ్ల మార్పులతో మోడల్‌ను తయారుచేయండి, తర్వాతి పదేళ్లతో పరీక్షించండి. ఫలితం చూసి మోసపోకండి. నగరం మ్యాప్‌ను చిన్న చిన్న గడులుగా విడగొట్టి చూసినప్పుడు నూటికి తొంభై ఐదు గడులు మారకుండా ఉండిపోతే, ఏమీ మారదని చెప్పే మోడల్‌కు కూడా 95 శాతం కచ్చితత్వం వస్తుంది! నిజంగా మారినవీ, మారతాయని మోడల్ చెప్పినవీ అన్నీ కలిపి, వాటిలో ఎన్ని సరిగ్గా కలిశాయో చూడండి. దీన్నే ఫిగర్ ఆఫ్ మెరిట్ అంటారు. అది తక్కువ వచ్చిందని దిగులు పడొద్దు, అంకెను దాచొద్దు. ఎక్కడెక్కడ తప్పిందో మ్యాప్ మీద గుర్తుపెట్టి, ఒక్కో స్టేషన్ దగ్గర ఎందుకు తప్పిందో రెండేసి వాక్యాలు రాయండి. పీజీ ఇంటర్వ్యూకు ఆ కాగితం పట్టుకెళ్లండి.