ముప్పై రెండెకరాల పొలం అమ్మాలి, మొత్తం ఒకరికా ముక్కలుగానా?
(పొలం, కాగితం: పాఠకుల ప్రశ్నలకి జవాబులు)

ప్ర: మేడమ్ గారూ నమస్కారమండి. మాది కాట్రేనికోన మండలంలో సముద్రం వైపు ఊరు. నాన్నగారు సొంతంగా సంపాదించిన పొలం అంతా ఒక్క బిట్టే, కాగితాల మీద 32 ఎకరాల 40 సెంట్లు. దాంట్లో 15 ఎకరాలు కొబ్బరి, లోపల కోకో, అరటి ఉన్నాయి, 11 ఎకరాలు వరి, మిగతాది చేపల చెరువులూ మకామూ (పొలంలో ఇల్లు). ఇది కాక వెనక పాయ వైపు ఓ ఆరెకరాలు పర్ర (ఉప్పునీటి చిత్తడి నేల) ఉంది, అంతా మడ చెట్లూ తిల్ల చెట్లూను, అది డాక్యుమెంట్లో లేదు గానీ నాన్నగారి టైం నించీ మేమే చూసుకుంటున్నాం. పొద్దున్నే చెరువు గట్టు మీద నించుంటే నీటికుక్కలు పిల్లల్తో సహా పాయలోకి దిగడం కనపడుద్ది, బావురు పిల్లి కూడా రాత్రిళ్ళు వస్తదని కాపలా అతను అంటాడు, కొంగలకైతే లెక్కే లేదు. నాన్నగారు 2009లో పోయారు, వీలునామా రాయలేదు. అమ్మ ఉంది, నేను, విజయవాడలో చెల్లి, అమెరికాలో తమ్ముడు (అక్కడ సిటిజన్ అయిపోయాడు). వరి ఒకతను కౌలుకి చేస్తున్నాడు. ఇంక మేం చూసుకోలేం అని అమ్మేద్దామనుకున్నాం. హైదరాబాద్ ఆయన ఒకరు మొత్తం ఒకే బేరంగా తీసుకుంటా, రిసార్ట్ కడతా అంటున్నాడు. మీడియేటరేమో మడ అడవి, పక్షులు అన్నీ వీడియో తీసి పెట్టి ఊళ్ళో రేటుకి రెండింతలు అడుగుదాం అంటాడు. ఊళ్ళోవాళ్ళు ముక్కలు చేసి అమ్మండి అంటున్నారు. ఏది నయం? కొన్నాయన చెట్లు కొట్టకుండా షరతు రాయించుకోవచ్చా? అమ్మ అదే అడుగుతోంది.

జ: ముందు ఆ ఆరెకరాల సంగతి తేల్చుకుందామండి, మీ బేరం చెడితే అక్కడే చెడుద్ది. పర్ర చాలాచోట్ల గవర్నమెంటుదే అయ్యుంటది, ఎన్నేళ్ళు మీరు చూసుకున్నా సరే. మీ సర్వే నంబర్ల ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పటం), ఆర్ఎస్ఆర్ (ఏ నంబరు ఎలాంటి నేలో రాసిన పాత రెవెన్యూ రిజిస్టరు) కాపీలు తీసుకుని అది పోరంబోకో, పాయో, అటవీ శాఖదో చూడండి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో 22ఏ జాబితాలో, అంటే రిజిస్టర్ చెయ్యకూడని భూముల జాబితాలో, ఉందేమో కూడా చూడండి. మీది కాదని తేలితే వీడియోలోంచి, బేరంలోంచి, మీ నోట్లోంచి కూడా తీసెయ్యండి. "38 ఎకరాలు" అని ఒక్కసారి నోరు జారి అగ్రిమెంట్లో రాసేశారంటే రేపు కొన్నాయన కోర్టుకెళ్ళి పట్టుకునేది ఆ మాటనే. ఇంక మడ చెట్లున్న చోటు తీరప్రాంత నిబంధనల్లో, అదే సీఆర్‌జెడ్‌లో, అన్నిటికన్నా గట్టి కేటగిరీలో పడుద్ది, దాన్ని ఆనుకుని పాయ ఒడ్డున కూడా కొంత దూరం కట్టడాలు కుదరవు. ఎంత దూరం అనేది సీఆర్‌జెడ్ మ్యాప్‌లో మీ సర్వే నంబరు దగ్గర చూసుకోవాలి. హైదరాబాద్ ఆయనకి ఆ మ్యాప్ అడ్వాన్సు తీసుకోకముందే మీరే చూపించండి. అది చూశాక కూడా కొంటానంటే ఆయన నిజంగా కొనేవాడు, మొహం చాటేశాడా, పీడా పోయింది.

నీటికుక్కలు మీవీ కావు, కొనేవాళ్ళవీ కావు, 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్నవి. గౌతమి పాయల్లో ఇవి తిరగడం వింత కాదు, కోరంగి అభయారణ్యం 1978లో పెట్టింది ఈ మడ అడవుల కోసమే, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉంటది, నీటికుక్కలకీ బావురు పిల్లులకీ పేరున్న చోటు. అందం చూసి రేటు పెంచి ఇచ్చేవాళ్ళు ఉన్నారు, లేరనను, కానీ వాళ్ళు డిసెంబర్లో వస్తారు, ఫొటోలు దిగుతారు, మళ్ళీ ఫోన్ ఎత్తరు. డబ్బు పెట్టేవాడు ఆగస్టులో వచ్చి మురుగు కాలవ పొంగితే మీ వరి ఎన్నాళ్ళు మునుగుద్దో చూస్తాడు, కాలవలు కట్టేశాక మే నెల్లో వచ్చి మకాం దగ్గర బోరు కొట్టి నీళ్ళు నోట్లో పోసుకుంటాడు, ఉప్పగా ఉందా లేదా అని. కాబట్టి వీడియో మీద ఖర్చు పెట్టే బదులు ఆ రెండు నెలల్లో పిలిచి చూపించండి. మీ వైపు 2011లో క్రాప్ హాలిడే (పంట వెయ్యకుండా మానెయ్యడం) ప్రకటించినప్పుడు రైతులు చెప్పిన కారణాల్లో మురుగు పోకపోవడం కూడా ఉంది కదా, కోనసీమ పొలం కొనేవాళ్ళెవరూ అది మర్చిపోలేదు.

ఇప్పుడు మొత్తమా ముక్కలా అన్నది. నన్నడిగితే రెండు ముక్కలు, అంతకన్నా చెయ్యకండి. కొబ్బరి, మకాం, చెరువులు ఒక బిట్టు, అది 21 ఎకరాల 40 సెంట్లు అవుద్ది. వరి 11 ఎకరాలు ఊళ్ళో రైతులకి. ఎందుకంటే 32 ఎకరాలు ఒక్కడికి అమ్ముదామన్నా, ఇంతకు మించి భూమి ఉంచుకోకూడదనే సీలింగ్ చట్టం అడ్డమొస్తది. 1973 చట్టం ప్రకారం ఐదుగురి దాకా ఉన్న కుటుంబానికి మాగాణి అయితే నేల తరగతిని బట్టి 10 నించి 27 ఎకరాలే, మెట్ట అయితే 35 నించి 54. డెల్టా కాలవ కింద రెండు పంటల మాగాణి ఏ వైపుకి పడుద్దో మీకు చెప్పక్కర్లేదు. కంపెనీ పేరు మీద కొంటాం అంటే తప్పించుకోవచ్చు అని మీడియేటర్లు చెప్తారు, అది ఒట్టి మాట, కంపెనీకీ సీలింగ్ ఉంది. ఆయనకి ఇంకోచోట ఉన్న పొలం కూడా కలిపే లెక్క. ఇది ఆయన తలనెప్పే గదా అనుకోకండి, బేరం మధ్యలో ఆగితే ఏడాది పాటు అడ్వాన్సు చేతిలో పెట్టుకుని ఎవరికీ అమ్మలేక కూర్చునేది మీరే.

ముక్క చేసేటప్పుడు అసలైన పని నీళ్ళూ దారీ. ఇన్నాళ్ళూ ఒక్కరి పొలం కాబట్టి బోదె (పొలంలో పిల్లకాలవ) ఎటు పోయినా ఎవరూ అడగలేదు, ట్రాక్టరు ఏ గట్టు మీద వెళ్ళినా అడగలేదు. రేపు ఇద్దరు ఓనర్లు అయ్యాక వరి వాడి నీళ్ళు కొబ్బరిలోంచి రావాలా, చెరువు నీళ్ళు వరి పక్కనించి మురుగు కాలవకి పోవాలా, అక్కడే తలకాయలు పగులుతాయి. డాక్యుమెంట్ రైటర్లు షెడ్యూల్ చివర "నడక, నీటి హక్కులతో సహా" అని అచ్చు ముక్క ఒకటి పడేసి వదిలేస్తారు, మీరు దాంతో ఊరుకోకండి. సర్వేయర్ని పెట్టి స్కెచ్ గీయించండి. కాలవ తూము ఎక్కడుంది, బోదె ఏ నంబర్లోంచి ఏ నంబర్లోకి పోతోంది, దాని వెడల్పెంత, పూడిక తీసే బాధ్యత ఎవరిది, మురుగు ఎటు, పుంతలోంచి (ఊరి బండిదారిలోంచి) లోపలికి దారి ఎన్ని అడుగులు, బరువు లారీ పోవచ్చా పోకూడదా, అన్నీ ఆ స్కెచ్ మీద రాసి రెండు సేల్ డీడ్లకీ జత చేయించండి. వరి మడి చివర ఎఫ్ఎంబీలో చుక్కల గీత ఉండి నేల మీద ఏమీ లేకపోవచ్చు, లేదా నేల మీద ఆరడుగుల బోదె ఉండి కాగితంలో అసలు ఉండకపోవచ్చు, రెండూ చూస్తుంటాం. 2020 చివర్లో మొదలైన రీసర్వే మీ ఊళ్ళో అయిపోతే ఎల్‌పీఎం (కొత్త భూమి మ్యాప్) నంబర్లు వచ్చేసుంటాయి, విస్తీర్ణం పాత డాక్యుమెంటుతో సెంట్లలో సరిపోయిందేమో చూస్కోండి, తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించాలి. ఇంకోటండోయ్, గ్యాస్ పైప్‌లైన్ మీ పొలం కింద పోతోందా? మీ వైపు చాలామందికి ఉంది. పోతుంటే ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు, భూమి మీ సొంతమే గానీ వాడకం హక్కు వాళ్ళది. అది కూడా ఆ స్కెచ్‌లో వెయ్యండి, దాచారంటే మొదటి రోజు పలుగు వేసినప్పుడే బయటపడుద్ది.

చెరువులు రొయ్యకి ఇస్తామంటే ఎవరైనా ఎగబడి కొంటారు, అది వేరే సంగతి. కానీ ఉప్పునీటి సాగు అయితే 2005 కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి, పక్కన వరికి ఉప్పు ఊరుద్ది. వరి కొనే రైతు మొదట అడిగేది ఆ చెరువు ఎవరు కొంటున్నారనే.

చెట్ల షరతు గురించి అమ్మగారికి ఇలా చెప్పండి. పూర్తిగా అమ్మేశాక "ఈ చెట్లు కొట్టకూడదు" అని డీడ్‌లో రాసుకున్నా అది చెల్లదు, 1882 ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది, కొన్నవాడు ఆ షరతు లేనట్టే అనుభవించొచ్చు. ఒక్క మినహాయింపు ఉంది, ఆనుకుని ఉన్న పొలం మీరే ఉంచుకుంటే దాని ప్రయోజనం కోసం పెట్టిన షరతు నిలబడుద్ది. అంటే మకాం చుట్టూ ఓ ఎకరం, చెరువు గట్టుతో సహా, అమ్మగారి పేరు మీద ఉంచేసుకుంటే గట్టు చెట్ల గురించి, నీటి దారి గురించి మాట్లాడే హక్కు మీకు మిగులుద్ది. రేటు కొంచెం తగ్గుద్ది, ఒప్పుకుంటా. నేనైతే తగ్గించుకునే ఉంచుకుంటా. పర్ర గవర్నమెంటుదే అయితే మడ చెట్ల సంగతి మీ కొనుగోలుదారు చేతిలో లేనే లేదు, ఆవిణ్ణి ఆ విషయంలో నిశ్చింతగా ఉండమనండి.

ఇంట్లో కాగితాల సంగతి. నాన్నగారి స్వార్జితం, వీలునామా లేదు కాబట్టి అమ్మకీ మీ ముగ్గురికీ తలా నాలుగో వంతు. చెల్లికి కట్నం ఇచ్చేశాం కదా అని ఎవరైనా అంటే వినకండి, ఆవిడ సంతకం లేకుండా ఏ కొనుగోలుదారూ, ఏ బ్యాంకూ ముట్టుకోదు, ముట్టుకోకూడదు కూడా. ముందు పార్టిషన్ డీడ్ (పంపకాల దస్తావేజు) చేసుకుని, ఎవరి పేరు మీద వాళ్ళకి పాస్‌బుక్, 1బి (ఎవరికెంత భూమో చూపే రెవెన్యూ కాగితం) వచ్చాక అమ్మితే బేరం త్వరగా తెగుద్ది. తమ్ముడు వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు, అమ్మొచ్చు, కానీ ఇండియాలో ఉండే ఇండియన్ సిటిజన్‌కే అమ్మాలి. కొనేవాళ్ళ వైపు కూడా చూస్కోండి, హైదరాబాద్ ఆయన అబ్బాయి అమెరికాలో ఉండి వాడి పేరు మీద రాయమంటే కుదరదు, ఎన్ఆర్ఐలు వ్యవసాయ భూమి కొనడానికి లేదు. తమ్ముడు రాలేకపోతే పవరాఫ్ అటార్నీ అక్కడి కాన్సులేట్‌లో చేయించి పంపితే ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి, చాలామంది బీరువాలో పెట్టి మర్చిపోతారు.

ట్యాక్స్ ఎక్కువ భయపడక్కర్లేదు. అమలాపురం, ముమ్మిడివరం లాంటి, జనాభా 10 వేలు దాటి లక్ష లోపున్న మునిసిపాలిటీల హద్దు నించి తిన్నగా గాలిలో కొలిస్తే 2 కిలోమీటర్లు దాటిన వ్యవసాయ భూమి మీద క్యాపిటల్ గెయిన్స్ ఉండదు. చెరువులున్న ముక్క దగ్గర మాత్రం ఆడిటర్ని అడగండి, చేపల మీద ఆదాయాన్ని వ్యవసాయ ఆదాయంగా లెక్కేయరు కాబట్టి అక్కడ కొర్రీ పెట్టొచ్చు. అడ్వాన్సు 20 వేలు గానీ అంతకు మించి గానీ క్యాష్‌లో తీసుకోవద్దు, తీసుకున్నంతా పెనాల్టీ పడేది తీసుకున్నవాళ్ళకే.

కౌలు రైతుకి బేరం మొదలెట్టకముందే చెప్పండి. 11 నెలల సాగు హక్కు కార్డు ఉంటే దాంతో భూమి హక్కు రాదు, కానీ సార్వా (మొదటి పంట) ఊడ్చాక ఖాళీ చెయ్యమనడం న్యాయం కాదు, దాళ్వా (రెండో పంట) కోతయ్యాక రిజిస్ట్రేషన్ పెట్టుకోండి. అతనే ఓ నాలుగెకరాలు కొంటానంటే ముందు అతనికే ఇవ్వండి, తూము ఎప్పుడు తిరుగుద్దో అతనికన్నా తెలిసినవాడు మీకు దొరకడు. కొబ్బరికి మాత్రం దింపు పుస్తకం పట్టుకెళ్ళండి. దింపు తేదీ, ఎన్ని కాయలు, వెయ్యికి ఎంత పడింది, దింపు కూలి ఎంత, తెల్లదోమ తగిలిన వరసలు ఏవి, మూడేళ్ళది ఉంటే చాలు. అంబాజీపేట రేట్లు తెలిసినవాడు ఆ పుస్తకం తిరగేస్తే అరగంటలో తోట విలువ కట్టేస్తాడు.

ప్ర: ఆకివీడు వైపు కొల్లేట్లో మాకు జిరాయితీ (సొంత హక్కున్న) పట్టా తొమ్మిదెకరాలు ఉంది, ఇప్పుడు చెరువు చేసి లీజుకిచ్చాం. ఐదో కాంటూరు, అదే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, లోపలంట. అమ్మితే కొంటారా?

జ: ఈ రోజు కొనేవాడు దొరుకుతాడమ్మా, అదే భయం. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ చిత్తడి నేల (అంతర్జాతీయ గుర్తింపున్నది) అయింది, 2005-06లో చెరువు గట్లు ఎలా పగలగొట్టారో మీ ఊళ్ళో అందరికీ తెలుసు. పట్టా మీదే గానీ అక్కడ చేపల చెరువుకి అనుమతి లేదు. "చేపల చెరువు" అని రాసి అమ్మకండి. పట్టా భూమి, అభయారణ్యం హద్దులో ఉంది, అని డీడ్‌లోనే రాయించండి, రేటు పడిపోయినా సరే. లీజు ఎన్నాళ్ళు మిగిలిందో అదీ రాయండి, లేకపోతే కొన్నవాడూ లీజువాడూ కలిసి మీ గుమ్మంలో కూర్చుంటారు.

ప్ర: లంకలో మాకు మూడెకరాలు, గోదారి కోసుకుపోయి ఇప్పుడు రెండు కూడా లేదు. డాక్యుమెంట్లో మూడే ఉంది. మూడుకీ అమ్మొచ్చా?

జ: వద్దు. ముందు అది జిరాయితీయా, డి-పట్టానా (గవర్నమెంటు పేదలకిచ్చిన అసైన్డ్ పట్టా), గవర్నమెంటు లీజుకిచ్చిన లంకా చూడండి, డి-పట్టా అయితే 1977 అసైన్డ్ భూముల చట్టం దాటాకే మిగతా మాట. జిరాయితీ అయితే వరద తగ్గాక సర్వే చేయించి, ఉన్న నేలకి హద్దురాళ్ళు పాతించి, ఆ కొలతకే డీడ్ రాయండి. పోయిన ఎకరానికి కూడా ఎవరైనా డబ్బిస్తామంటే వాళ్ళు దాన్ని ఇసక కోసం అడుగుతున్నారేమో చూసుకోండి.