షో వదిలి కుర్చీ ఎక్కాలా?

ప్రశ్న: ఇక్కడ ఓ ప్రైవేటు ఎఫ్.ఎం.లో ఆరేళ్లుగా ఆర్‌జేగా చేస్తున్నాను. సాయంత్రం షో నాదే. ఇప్పుడు ప్రోగ్రామింగ్ హెడ్‌గా చేయమంటున్నారు. జీతం పెరుగుతుంది గానీ షో పోతుంది. ఏం చేయమంటారు మేడమ్?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: హైదరాబాద్‌లో ప్రైవేటు ఎఫ్.ఎం.లు మొదలైన 2006లోనే నేను మైకు ముందు కూర్చున్నాను. ఏడేళ్లకి నన్నూ ఇలాగే పిలిచారు. మొదటి నెలంతా పొద్దున్న ఏడయ్యేసరికి కడుపులో తిప్పేది. నా షోలో ఇంకో అమ్మాయి మాట్లాడుతుంటే విని, బాగుందని చెప్పాలి. నిజంగానే బాగా మాట్లాడేది, అదీ నా బాధ!

ఇక పని సంగతి. ప్రతి గంటకీ ఓ ‘క్లాక్’ గీయాలి: కొత్త హిట్టు ఎక్కడ, పాత పాట ఎక్కడ, యాడ్లెక్కడ, లింకు (పాటల మధ్య జాకీ చెప్పే మాట) ఎక్కడ అని. నిన్న ఎనిమిదింటికి పడిన పాట ఇవాళ మళ్లీ ఎనిమిదింటికే పడకూడదు. సాఫ్ట్‌వేరే పాటలు పేరుస్తుంది గానీ, దానికి బయట వాన పడుతోందని తెలీదు. ఓ జులై సాయంత్రం హైటెక్ సిటీ దగ్గర బళ్లు కదలడం లేదు, లాగ్‌లో, అంటే ఆ రోజు పాటల వరసలో చూస్తే, వెంటవెంటనే మూడు డ్యాన్స్ పాటలు. అవి తీయించి, ఏ రోడ్డు ఎలా ఉందో చెప్పమన్నాను జాకీతో. మనం సొంతంగా వార్తలు చెప్పకూడదు, ట్రాఫిక్, వాతావరణం చెప్పొచ్చు. ఆ గీత గురించి జాకీగా ఉన్నప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. హెడ్ అయ్యాక అదే నిద్ర పట్టనిచ్చేది కాదు.

అన్నిటికన్నా కష్టం ఎయిర్ చెక్. నిన్నటిదాకా కలిసి టీ తాగిన జాకీకి అతని రికార్డింగే వినిపించి, నలభై సెకన్ల లింకుని రెండు నిమిషాలు లాగావని చెప్పాలి. మొదటిసారి ఆ మాట అందరి ముందూ అనేశాను. రెండు నెలల్లో ఆ అబ్బాయి వేరే స్టేషన్‌కి వెళ్లిపోయాడు. తప్పు నాదే. మీరు మాత్రం తలుపేసి మాట్లాడండి.

నన్నడిగితే, ఒప్పుకోండి. కానీ ఆదివారం ఓ గంట షో మీదేనని ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోండి. నాకు నోటిమాటగా ఇచ్చిన గంట మూడు నెలల్లో స్పాన్సర్ పాలైంది. ఇంకో మాట: సేల్స్ వాళ్లు క్లాక్‌లో అదనంగా యాడ్లు దూర్చమంటే కాదనే హక్కు మీకుంటుందా అని సంతకానికి ముందే అడగండి. నీళ్లు నమిలారంటే జీతం ఇంకాస్త పెంచమనండి.