బొమ్మలు మొయ్యకు తమ్ముడూ

ప్రశ్న: అన్నగారూ, డల్లాస్ వచ్చి పద్నాలుగు నెలలైంది. ఈ సంక్రాంతికి మొదటిసారి మా ఊరు రాజాం వెళ్తున్నాం. అన్నయ్య పిల్లలు, అక్క పిల్లలు, చిన్నాన్న మనవలు కలిపి ఎనిమిదిమంది. ఐదేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా ఉన్నారు. డిసెంబరులో ఇక్కడ బొమ్మల ధరలు బాగా తగ్గిస్తున్నారు కదా, ఏవి కొంటే బాగుంటుంది?

జవాబు: ఏవీ కొనకు. ధర తగ్గిందని కొనడం కొత్తలో అందరం చేసే మొదటి తప్పు. ఇరవై డాలర్ల బొమ్మ పన్నెండుకి వస్తే ఎనిమిది మిగిలాయని సంబరపడతాం, పన్నెండు పోయాయని లెక్కేసుకోం. ఎనిమిదిమందికి పన్నెండేసి అంటే తొంభయ్యారు. మీ దగ్గర పన్నుతో కలిపి వంద దాటుతుంది. రూపాయల్లో ఎనిమిది వేల పైమాటే. ఆ ఎనిమిది వేలూ చివరికి ఎక్కడ తేలతాయో చీపురుపల్లిలో మా అటక చూస్తే తెలుస్తుంది.

అటక మీద ముందు కనిపించేది రిమోట్ కారు. దాని ఛార్జరు మీద 120 వోల్టులు అని మాత్రమే ఉంది. మన ఊళ్లో కరెంటు 230. ప్లగ్గులో పెట్టిన కాసేపటికే కాలిన వాసన వచ్చింది, ఆట అక్కడితో సరి. ఛార్జరు మీద 100–240 అని రాసి ఉంటే భయం లేదు, కానీ చవక బొమ్మల మీద ఆ అంకె ఎప్పుడో గాని కనపడదు. దాని పక్కన అమెరికా రాష్ట్రాల పటం, ముక్కలు పేర్చేది. ఒహాయో ఎక్కడుంటే మన గుంటలకేటి? ఇంగ్లీషులో పేజీలకొద్దీ నియమాలున్న అట్టపెట్టె ఆటలు మూడున్నాయి, నేర్పేవాడు తిరిగి విమానం ఎక్కేశాక ఒక్కటీ తెరవలేదు. పైగా బొమ్మల పెట్టెల్లో సగం గాలే. 23 కిలోల బరువు రాకముందే సూట్‌కేసు నిండిపోతుంది. విడి లిథియం బ్యాటరీలు చేతిసంచిలోనే పెట్టాలి. డ్రోన్ మాట ఎత్తకు, 2022 నుంచి ఇండియాలోకి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది. మిగతా కస్టమ్స్ లెక్కలు వాళ్ల సైట్లో చూసుకో.

అన్నిటికన్నా ఖరీదైన తప్పు వేరే ఉంది. ఎనిమిదిమందికి ఎనిమిది రకాలు తెస్తే ఎవరిది ఎక్కువ ధరో సాయంత్రానికి ఇల్లంతా తేల్చేస్తుంది. పిల్లలు మరిచిపోతారు, వదినలు మరిచిపోరు.

అందుకే బొమ్మ బదులు ఒక పని కానుకగా ఇవ్వు. ఎనిమిదిమందికీ కలిపి రెండు రోజులు, వాళ్ల చేతులతో వాళ్లే ఏదో ఒకటి తయారుచేసే పని.

మొదటి రోజు పొందూరు, చేత్తో నూలు వడికి ఖద్దరు నేసే ఊరు. మీ రాజాం నుంచి దగ్గరే, అయినా ఇప్పటిదాకా లోపలికెళ్లి చూసి ఉండవు, పందెం. ముందురోజే తెలిసినవాళ్ల ద్వారా కబురు పెట్టు. ఎనిమిదిమందినీ ఒకే ఇంట్లోకి తోలకు, నలుగురేసి రెండు ఇళ్లకి పంచు. నూలు వడికే వాళ్లకి కూలి చిలపల (నూలు చుట్టల) లెక్కన వస్తుంది. పిల్లలకి చూపిస్తూ కూర్చున్న రెండు గంటలూ వాళ్ల రాట్నం ఆగిపోతుంది, ఆ చిలపలు పోయినట్టే. కాబట్టి ఒక పూట కూలి ముందే మాట్లాడి ఇవ్వు. ఫోటోలు తీసుకుని దండం పెట్టి వచ్చేయడం మర్యాద కాదు. డాలర్లలో చూస్తే ఆ కూలి నువ్వు డల్లాస్‌లో తాగే రెండు కాఫీల ఖర్చు.

అక్కడ పిల్లలు కళ్లప్పగించి చూసేది వాలుగ చేప దవడని. సన్నటి పళ్ల వరస ఉన్న ఆ దవడ ఎముకని దువ్వెనలా పట్టుకుని, గింజ మీదున్న పత్తిని చెత్త పోయేలా దువ్వుతారు. ఆ తర్వాత చెక్క మీద పెట్టి ఇనపకడ్డీతో దొర్లిస్తే గింజ ఊడొస్తుంది. దూదిని విల్లుతో ఏకి, ఏకులు (వడకడానికి దూది వత్తులు) చుట్టి, అరటి దొప్పలో దాస్తారు. ఐదారేళ్ల వాళ్లకి గింజలు తీసే పని అప్పగించు, గంటసేపు అల్లరి ఉండదు.

పెద్దపిల్లలకి తకిలి, అంటే చేత్తో తిప్పి నూలు వడికే చిన్న కదురు. ఇనప పుల్లకి ఇత్తడి బిళ్ల, పైకొనకి చిన్న కొక్కెం ఉంటాయి. ఖాదీ సరుకు దొరికేచోట అడుగు. ఏకులు మాత్రం లావువి తీసుకో. పొందూరు సన్ననూలు ఏకు కొత్తచేతిలో నిలవదు, తెగి తెగి పిల్లలు విసుగెత్తిపోతారు. జానెడు దారాన్ని బిళ్లపైన పుల్లకి కట్టి కొక్కేనికి తగిలించాలి. దాని కొసని ఏకు చివరతో అంగుళం మేర కలిపి పట్టుకోవాలి. కింది మొనని కొబ్బరిచిప్పలో ఆనించి కుడిచేత్తో తిప్పుతూ, ఎడంచేత్తో ఏకుని నెమ్మదిగా పైకి లాగాలి. మెలిక పడకముందే లాగితే తెగుతుంది. ఎడంచేతి వేళ్లు వదులైతే మెలిక ఏకులోకి పాకి ఉండ కట్టేస్తుంది. మెలిక మరీ ఎక్కువైతే దారం వదలగానే తన మీద తనే చుట్టుకుంటుంది, అప్పుడు తకిలిని కొంచెం వెనక్కి తిప్పాలి. మూరెడు నూలు రావడానికి అరగంట పట్టినా కంగారుపడకు. నీ చేతికి తీసుకుని నువ్వే లాగెయ్యకు కూడా, పెద్దవాళ్లకి ఆ దురద ఎక్కువ.

రెండో రోజు ఇంటి దగ్గరే, కూరగాయ ముక్కలతో బట్ట మీద అద్దకం. రెండు మీటర్ల తెల్ల నూలుబట్ట కొను. 90 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే 45కి 50 చొప్పున సరిగ్గా ఎనిమిది ముక్కలొస్తాయి, వేస్టు ఉండదు. కొత్తబట్టలో గంజి ఉంటుంది, దాని మీద రంగు పట్టదు. ముందురోజు రాత్రి నానబెట్టి, సబ్బుతో ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి ఉంచు. బట్ట మీద వేసే రంగులు అక్కడే కొను. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు, ఈ ఐదు సీసాలు చాలు. ఇరవై రంగుల డబ్బా ఇక్కణ్ణుంచి మోసుకెళ్లడం శుద్ధ దండగ.

ముద్రలకి బెండకాయ, కాకరకాయ, సగానికి కోసిన ఉల్లిపాయ. బెండకాయని రెండంగుళాల ముక్క చేసి, కోసినవైపు గుడ్డతో తుడిచి అరగంట ఆరనివ్వాలి. జిగురు పోకపోతే రంగు జారిపోయి పువ్వు బదులు మరక పడుతుంది. రంగుని పళ్లెంలో పోసి ముంచకూడదు. తడి స్పాంజి ముక్క మీద పలచగా పూసి, దాని మీద అద్దాలి. బట్ట కింద మడతపెట్టిన దుప్పటి ఉండాలి, గట్టి గచ్చు మీద ముద్ర అంచులే పడతాయి. నిటారుగా నొక్కి నిటారుగా ఎత్తాలి. ఒకరోజు ఆరాక వెనకవైపు నుంచి ఇస్త్రీ చెయ్యి, మూడు రోజులు ఉతకనివ్వకు. పాత చొక్కాలు తొడిగించు. పండగ బట్టల మీద రంగు పడితే ఆ బట్టల ఖర్చు కూడా నీ నెత్తినే.

సంగీతం నేర్పించాలనుకుంటే విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాల పేరు తెలియనివాళ్లుండరు, ఊళ్లో ఇళ్ల దగ్గర చెప్పే గురువులూ ఉన్నారు. కానీ ఏడాది ఫీజు ఒకేసారి కట్టెయ్యకు. మూడోనెలకి పిల్ల మానేస్తే తిరిగి అడగలేవు. బావగారి చేత నెలనెలా కట్టించు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసదుంగ వీణగా మారడం ఒక పూట చూపించినా మంచిదే. అక్కడ కనిపించే బుల్లి వీణలు షోకేసులో పెట్టేవి, వాయించుకోవడానికని కొని మోసపోకు.

ఇంక అసలు చిక్కు. చేతులూపుకుంటూ వచ్చాడన్న మాట పడకూడదు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఒక్కొక్కరి చేతిలో ఒక కవరు పెట్టు. పేరు, తారీకు, "పొందూరు ప్రయాణం, అద్దకం పని" అని తెలుగులో నీ చేత్తో రాసి, పైన ఒక చాక్లెట్ అంటించు. ప్రయాణం కనుమ వెళ్లిన మర్నాడు పెట్టుకో. భోగికి ముందు పెద్దవాళ్లకి తీరిక ఉండదు, పిల్లలు పిడకల దండల మీద ఉంటారు.

కారు అద్దె, కూలి, తకిళ్లు, ఏకులు, బట్ట, రంగులు, అందరి టిఫిన్లు అన్నీ కలిపి చూసుకో, ఆ వంద డాలర్లలో మిగులు కనిపిస్తుంది. పదహారేళ్లుగా ఏటా వెళ్లొస్తున్నాను, గత తొమ్మిదేళ్లుగా ఒక్క పెట్టెతోనే. పొందూరు వెళ్లేటప్పుడు వంద నోట్లు ఒక కట్ట దగ్గరుంచుకో. ఐదొందల నోటు చాపి చిల్లర అడిగితే పాపం వాళ్లు పక్కింటికి పరిగెత్తాలి.