నూడుల్స్ తింటే షుగర్ 166, ఓట్స్ తింటే 238.. ఏది తినాలి డాక్టర్?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 47 ఏండ్లు. మిర్యాలగూడల రైస్‌మిల్లులో లెక్కలు రాస్త. ఇల్లు దేవరకొండ దిక్కు, ఇక్కడ రూంల ఒక్కన్నే ఉంట, వండుకునే ఓపిక లేక పొద్దున అన్నీ ప్యాకెట్ తిండ్లే. షుగర్ ఆరేండ్ల సంది ఉంది, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వేసుకుంట, బీపీ గోళీ కూడా ఉంది. ఈ మధ్య షుగర్ చూసే మిషన్ కొన్న. గుడ్డు కొట్టి చేసిన నూడుల్స్ ఒక ప్యాకెట్ తింటే 138 ఉన్నది రెండు గంటలకు 166 అయింది. ఇన్‌స్టంట్ ఓట్స్ పాలల్ల వేసి అరటిపండు కోసుకొని తింటే 171 నుంచి 238. ప్యాకెట్ పిండితోటి పోసిన ఇడ్లీలు ఐదు తింటే 142 నుంచి 204. అందరు ఓట్స్ మంచివి, నూడుల్స్ పాడు అంటరు, నా మిషన్ ఉల్టా చెప్తుంది. రోజూ నూడుల్సే తినొచ్చా?

జవాబు: తినకముందు కూడా చూసుకొని రాసిపెట్టుకున్నరు చూడండి, అది చాలా మంచి పని, చాలామంది తిన్నంక వచ్చిన ఒక్క నంబర్ పట్టుకొని పరేషాన్ అయ్యి దవాఖానకు వస్తరు. మీ మిషన్ అబద్ధం చెప్తలేదు. కానీ మీరు పోల్చింది నూడుల్స్‌ను ఓట్స్‌తో కాదు, ఓట్స్ ప్లస్ పాలు ప్లస్ అరటిపండుతో. 70 గ్రాముల నూడుల్స్ ప్యాకెట్‌లో కార్బోహైడ్రేట్, అంటే అరిగినంక షుగర్‌గా మారే పిండిపదార్థం, సుమారు 45 గ్రాములు ఉంటది. ఓట్స్ 50 గ్రాములు వేసుకున్నరనుకుంటే అందులో 33 దాకా, గ్లాసు పాలల్ల 10, అరటిపండులో 25, మొత్తం 70 దగ్గరికి పోయింది, ఇంక చక్కెర వెయ్యలేదనే అనుకుంటున్న. పైగా నూడుల్స్‌లో గుడ్డు ఉంది, ఓట్స్‌లో లేదు. ఇట్ల చూస్తే నూడుల్స్ గెలవక ఏం చేస్తది?

ఏ తిండి షుగర్‌ను ఎంత పెంచుతదో చెప్పే గ్లైసెమిక్ ఇండెక్స్ అని ఒకటుంది, జీఐ అంటం, గ్లూకోజ్‌కు 100 అనుకుంటే మిగిలినవాటికి ఎంత అని, తక్కువుంటేనే మంచిది, 1981లో టొరంటోలో డేవిడ్ జెన్కిన్స్ వాళ్లు తెచ్చిన లెక్క. ఆ టెస్టులో ఏ పదార్థమైనా సరే 50 గ్రాముల కార్బోహైడ్రేట్ వచ్చేంతే తినిపించి చూస్తరు, ఒకటి తక్కువ ఒకటి ఎక్కువ పెట్టరు. అట్ల చూసినా ఇన్‌స్టంట్ ఓట్స్‌కు మంచి మార్కులు రావు, జీఐ 80 దగ్గర్లో ఉంటది, కార్న్‌ఫ్లేక్స్ కూడా అంతే. మామూలు రోల్డ్ ఓట్స్ అయితే 55 చుట్టుపక్కల. ధాన్యం అదే, ఇన్‌స్టంట్ కోసం దాన్ని ముందే ఉడికించి పలుచగా నలిపి పెడతరు. మీది మిల్లే కదా, నూక ఎంత జల్ది ఉడుకుతదో బియ్యం ఎంత టైం తీసుకుంటదో మీకు నేను చెప్పాల్నా, కడుపులో అరిగేది కూడా అట్లనే. అందుకే ఓట్స్ మంచివి అన్న మాట విని రెండు నిమిషాల్లో అయ్యే మసాలా ఓట్స్ కొంటే ఏం లాభం లేదు.

నూడుల్స్ జీఐ చాలా టెస్టుల్లో 50 అటూఇటూ వచ్చింది, అది నిజమే. దాంట్లో ఒక మెలిక ఉంది. ఆ నూడుల్స్‌ను నూనెలో వేయించి ఆరబెడతరు, కొవ్వు ఉన్న తిండి కడుపులోంచి మెల్లగ దిగుతది, షుగర్ ఎక్కడం కూడా వెనక్కి జరుగుతది. రెండు గంటలకు 166 చూసి సంతోషపడ్డరు, మూడున్నర గంటలకు చూసిండ్రా? ఫ్రోజెన్ పరోటా కూడా ఇంతే, మైదా నూనె కలిసి మెల్లగ ఎక్కి చాలాసేపు దిగదు. ఇంకోటి మీ బీపీ. మసాలా మొత్తం వేసుకుంటే ఒక్క ప్యాకెట్‌లో సోడియం, అంటే ఉప్పులో ఉండి బీపీ పెంచేది, 700 నుంచి 1000 మిల్లీగ్రాముల దాకా ఉంటది, రోజు మొత్తానికి 2000 దాటొద్దని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తది. మన దిక్కు పచ్చడి లేకుండా ముద్ద దిగదు, ఇంక మిగిలిన లెక్క మీరే చేసుకోండి, లెక్కలు రాసే మనిషి కదా. వారంలో ఒకసారి, సగం మసాలాతో, గుడ్డు, బీన్స్ క్యారెట్ ఎక్కువ వేసుకొని తింటే నేను అడ్డం చెప్ప, రోజూ అంటే మాత్రం వద్దు.

ఇడ్లీల సంగతి. ఓట్స్ తిన్ననాడు 67 పెరిగింది, ఇడ్లీకి 62, ఈ రెండింటికి తేడా లేదనే అనుకోండి, ఎందుకంటే ఇంట్లో వాడే మిషన్లకు 15 శాతం దాకా అటూఇటూ రావొచ్చని రూల్సే ఒప్పుకుంటయి. పండు కోసిన చెయ్యి కడగకుండా పొడిచినా నంబర్ ఎక్కువ చూపిస్తది. ప్యాకెట్ పిండి అయినా ఇంటి పిండి అయినా దాంట్ల ఉండేది ఎక్కువ బియ్యమే, ఐదు ఇడ్లీలను మూడుకు తగ్గించి, పల్లి చట్నీ గట్టిగ వేసుకొని, పక్కన ఉడికిన గుడ్డు పెట్టుకొని మళ్లీ చూడండి. ఒక్కో టిఫిన్ కనీసం రెండు మూడు సార్లు చూస్తేగాని ఏం తేలదు.

ప్యాకెట్ కొనేటప్పుడు ముందర రాసిన నో యాడెడ్ షుగర్, మల్టీగ్రెయిన్ అవన్నీ వదిలేసి వెనక్కి తిప్పండి. షుగర్ అన్న లైను కాదు, కార్బోహైడ్రేట్ అన్న లైను చూడాలి, షుగర్ సున్నా ఉన్న బిస్కెట్‌లో మైదా ఉంటే అది కూడా రక్తంలోకి గ్లూకోజ్‌గానే పోతది. సర్వింగ్ 30 గ్రాములు అని రాస్తరు, మనం గిన్నె నిండా పోసుకుంటం. రాగి మాల్ట్ మిక్స్ అయితే పదార్థాల్లో మొదటి రెండు మూడు పేర్లు చదవండి, ఏది ఎక్కువుంటే దాన్నే ముందు రాయాలి, చక్కెరో, చక్కెర లెక్కనే జల్ది ఎక్కే మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండో అక్కడ కనిపిస్తే అది పిల్లల డ్రింకే అనుకోండి. ఇంతకన్నా సాయంత్రం రోడ్డు పక్కన రొట్టెలు చేసే అమ్మ దగ్గర రెండు జొన్న రొట్టెలు తెచ్చిపెట్టుకొని పొద్దున పప్పుతోనో కూరతోనో తినుడు నయం, జొన్నవే కదా అని నాలుగు లాగిస్తే మళ్లీ మొదటికే.

అసలు నన్ను ఆపింది మీ 238 కాదు. 138, 171, 142, ఇవి పొద్దున ఏం తినకముందు నంబర్లు, మూడూ ఎక్కువే, మామూలుగ 80 నుంచి 130 మధ్య ఉండాలంటం. అంటే గడబిడ టిఫిన్‌తోనే మొదలైతలేదు, రాత్రి ఎప్పుడు తింటున్నరు, ఎంత తింటున్నరు, గోళీలు సరిపోతున్నయా అన్నది చూడాలి. అట్లని రేపటి నుంచి టిఫిన్ బంద్ పెట్టకండి, గ్లిమిపిరైడ్ వేసుకొని తినకపోతే షుగర్ పడిపోతది. చెమటలు, వణుకు, కండ్లు తిరగడం వస్తే చూసుకోండి, 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాగి పావుగంటకు మళ్లీ చూడండి, ఆ టైంలో బిస్కెట్లు, చాక్లెట్లు పనికిరావు, మెల్లగ ఎక్కుతయి.

ఒక పది రోజులు రాత్రి భోజనం టైం, పొద్దున నంబర్ రాసిపెట్టి, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, కిడ్నీలు ఎట్లున్నయో చెప్పే క్రియాటినిన్, యూరిన్ అల్బుమిన్ టెస్టులు చేయించుకొని ఆ కాగితాలతో మీ డాక్టర్ దగ్గరికి పోండి, గోళీల డోసు మార్చాల్నా వద్దా ఆయన చెప్పాలి, నేను ఇక్కడి నుంచి చెప్పలేను.