అక్కా, రెండేళ్ళుగా కుర్చీలే సర్దుతున్నాను!

ప్రశ్న: అక్కా, మాది నెల్లూరు. చెన్నైలో ఓఎంఆర్ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ థర్డియర్. ఫస్టియర్‌లో ఉత్సాహం కొద్దీ కోడింగ్, డాన్స్, రోబోటిక్స్ క్లబ్బుల్లోనూ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం)లోనూ చేరాను. రెండేళ్ళయినా కుర్చీలు సర్దడం, పోస్టర్లు ఫార్వర్డ్ చేయడం తప్ప ఇంకేమీ దక్కలేదు. ఈసారి డిపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో జాయింట్ సెక్రటరీ పోస్టు అడిగితే, తమిళం రాని అమ్మాయి అందరితో ఏం మాట్లాడుతుంది అన్నారట. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూల్లో లీడర్‌షిప్ గురించి తప్పకుండా అడుగుతారని సీనియర్లు భయపెడుతున్నారు. అమ్మేమో ముందు అరియర్ (తప్పిన సబ్జెక్టు, మన బ్యాక్‌లాగ్) లేకుండా చూసుకో అంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: ముందు ఆ నాలుగింట్లో మూడింటికి నమస్కారం పెట్టెయ్. ఏది ఉంచుకోవాలని నన్నడగక్కర్లేదు, నీ ఉత్తరమే చెబుతోంది. చోటు చాలక ఇక్కడ కత్తిరించాం గానీ, డాన్స్ క్లబ్ గురించి నువ్వు రాసింది ఒక్క ముక్క, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో బడిపిల్లలతో గడిపిన వారం గురించి పేజీన్నర.

ఎన్‌ఎస్‌ఎస్ ఇప్పటిది కాదు, 1969లో గాంధీగారి శతజయంతి ఏడాది మొదలైంది. రెండేళ్ళలో 240 గంటల సేవ, ఒక ఏడు రోజుల క్యాంపు పూర్తయితే సర్టిఫికెట్ ఇస్తారు. అది చేతికి రాగానే చాలామంది అటువైపు తిరిగి చూడరు. అందుకే థర్డియర్‌లో పని తెలిసినవాళ్ళు కనబడక ప్రోగ్రాం ఆఫీసర్ సార్ తల పట్టుకుని కూర్చుని ఉంటారు. నువ్వు వెళ్ళి, సార్, వచ్చే బ్లడ్ క్యాంప్ మొదటి నుంచి చివరి దాకా నేను చూసుకుంటాను అని చెప్పు. పోస్టు గురించి ఎత్తకు, పని అడుగు. కుర్చీలు సర్దడం తప్పేం కాదమ్మా, కాకపోతే నువ్వు రాకపోతే ఆ కుర్చీలు ఇంకొకరు సర్దేస్తారు. నువ్వు లేకపోతే ఆగిపోయే పని ఒక్కటైనా నీ చేతిలో ఉండాలి.

బ్లడ్ క్యాంపే ఎందుకంటున్నానంటే, నేను ఘోరంగా చెడగొట్టిన పని అది. నేనూ చెన్నైలోనే చదువుకున్నాను, అప్పటికి నాకొచ్చిన తమిళం సాపాడు, తణ్ణి, అంతే. సెకండియర్‌లో క్యాంప్ నాకప్పగిస్తే క్లాసు క్లాసుకీ తిరిగి 120 పేర్లు రాయించి, ఆ లిస్టు రూమ్మేట్స్‌కి చూపించి మురిసిపోయాను. క్యాంప్ శుక్రవారం, సోమవారం నుంచి ఇంటర్నల్స్. ఆ సంగతి నాకు తట్టనే లేదు! వచ్చింది 38 మంది. అందులో తొమ్మిది మంది అమ్మాయిలను హిమోగ్లోబిన్ 12.5 లేదని, ఇద్దరిని బరువు 45 కిలోలు లేదని వెనక్కి పంపేశారు. పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చిన ఒకబ్బాయి రక్తం ఇచ్చి లేస్తూనే కళ్ళు తిరిగి కూలబడ్డాడు, తిని రమ్మని నేనెవరికీ చెప్పలేదు మరి. మధ్యాహ్నం బ్లడ్ బ్యాంక్ వాళ్ళు ఒక్క మాట కూడా అనకుండా వాడని బ్యాగులు లెక్కపెట్టుకుంటూ పెట్టెలో సర్దుకుంటుంటే, వాళ్ళు తిట్టినా బాగుండేదనిపించింది.

తర్వాతి సెమిస్టర్‌లో మళ్ళీ నేనే అడిగి తీసుకున్నాను. ముందు ఎగ్జామ్ టైంటేబుల్ చూశాను. గ్రూపులో 'గైస్ ప్లీజ్' అని మెసేజ్ పెట్టడం మానేశాను, ఎందుకంటే దాన్ని నలభై మంది చూస్తే నలభై మందీ ఇంకెవరో చేస్తారులే అనుకుంటారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, నువ్వు జ్యూస్ దగ్గర తొమ్మిది నుంచి పదకొండు దాకా, నువ్వు రిజిస్టర్ దగ్గర అని మనిషికి ఒక్క పనే అప్పజెప్పాను. టిఫిన్ త్వరగా పెట్టించడానికి హాస్టల్ మెస్ మాస్టర్ దగ్గరికెళ్ళి, రాత్రంతా బట్టీ పట్టిన 'నాళైక్కు సీక్కిరం టిఫిన్ వేణుం అన్నా' అప్పజెప్పాను. ఆయన పకపకా నవ్వి, "తెలుగులోనే చెప్పమ్మా, మాది తిరుత్తణి పక్కన పల్లె, ఇంట్లో తెలుగే" అన్నాడు. ఆసారి 74 మంది వచ్చారు.

కాబట్టి తమిళం గురించి అంత బెంగపడకు. అక్క, అన్న అనే పిలుపులు రెండు భాషల్లోనూ ఉన్నాయి, వాటితో మొదలెట్టు. తప్పులు మాట్లాడితే నవ్వుతారు, నవ్వి పని చేసిపెడతారు కూడా. ఆ మాట అన్నవాళ్ళ మీద మాత్రం మనసులో కక్ష పెట్టుకోకు, ఏడాది తిరిగేసరికి వాళ్ళతోనే సింపోజియం చెయ్యాల్సొస్తుంది.

డబ్బు విషయం కూడా నేర్చుకో, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఆఫీసులో అడ్వాన్స్ తీసుకుంటే ఆటో ఛార్జీ దాకా అదే రోజు నోట్‌బుక్‌లో రాయి, బిల్లులన్నీ ఒక కవర్లో వెయ్యి, ప్రోగ్రాం అయిన మూడు రోజుల్లో లెక్క అప్పగించెయ్. నువ్వు స్టేజి మీద ఏం మాట్లాడావో ఆఫీసు సార్‌కి గుర్తుండదు, మిగిలిన 60 రూపాయలు తిరిగిచ్చిన అమ్మాయి మాత్రం గుర్తుంటుంది.

ఇక మీ అమ్మగారి మాట. విద్యార్థి ఎన్నికల కోసం లింగ్డో కమిటీ చేసిన సిఫార్సులను 2006లో సుప్రీంకోర్టు అమలు చెయ్యమంది. అందులో పోటీ చేసేవాళ్ళకు 75 శాతం హాజరు ఉండాలి, ఆ ఏడాది అరియర్ ఉండకూడదు, ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు అని ఉంది. మీ అసోసియేషన్ పోస్టుకు ఎన్నిక పెడతారో, హెచ్‌ఓడీ గారే పేరు రాసేస్తారో నాకు తెలియదు గానీ, అరియర్ విషయంలో మీ అమ్మ, సుప్రీంకోర్టు ఒకే మాట మీదున్నారు, నువ్వూ వినెయ్. కాలేజీ పని మీద క్లాసుకు రాలేదని చెప్పే ఓడీ (ఆన్ డ్యూటీ) లెటర్ మీద పేర్లు, రోల్ నంబర్లు రాసి సంతకం ప్రోగ్రాంకి ముందే పెట్టించు. తర్వాత పెట్టించొచ్చులే అని ఊరుకుని హాజరు పోగొట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాను.

ఇంటర్వ్యూ భయం అసలొద్దు. మా ఆఫీసు తరఫున నేనూ ఇంటర్వ్యూలకు కూర్చుంటాను. పొద్దుటి నుంచి ప్రెసిడెంట్లు, సెక్రటరీలు వస్తూనే ఉంటారు. ఏం చేశావని అడిగితే 'టీమ్‌ని లీడ్ చేశాను' అంటారు, ఎక్కడ చెడింది, అప్పుడేం చేశావని అడిగితే పైకప్పు చూస్తారు. నీకు చెప్పడానికి ఒక సంగతుంటే చాలు, దాని పక్కన పోస్టు పేరు లేకపోయినా మేం వింటాం.

సోమవారమే వెళ్ళి సార్‌ని కలువు. డేట్ ఖాయం చేసేముందు ఇంటర్నల్స్ ఎప్పుడో చూసుకో. వచ్చేవాళ్ళను టిఫిన్ తిని రమ్మను.